ఒక మనిషి, మూడు పేర్లు, ఒక ఫోన్ నంబరు

(ఆన్‌లైన్ ఖాతాల్లో గుర్తింపు ధ్రువీకరణ గురించి ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరుసలో మీసేవ నడిపేవాళ్ళు, బ్యాంకు మిత్రలు, సచివాలయంలో పనిచేసే పిల్లలు కనబడుతున్నారు. నేను చెప్పబోయే బాధ నాకంటే మీకే ఎక్కువ తెలుసు. రోజూ దాన్ని భరించేది మీరే.

నేను పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం చేసిన పని ఒకటే. ఎవరైనా కొత్తగా ఖాతా తెరిస్తే, వచ్చింది ఆ మనిషేనా అని తేల్చే ప్రోగ్రాములు రాయడం. ఆ పని నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా అమ్మ వల్ల.

మా నాన్న పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. రెండేళ్ళ కిందట ఒక నెల డబ్బు తీసుకుందామని వెళ్తే ఖాతా ఆగిపోయి ఉంది. కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో కాగితాలతో సరిచూసే పని, మళ్ళీ చేయించుకోమన్నారు. ఆధార్, పాన్, పాస్‌బుక్ పట్టుకెళ్ళింది. 'పేరు మ్యాచ్ అవ్వట్లేదు' అన్నారు. ఇంకోసారి వెళ్ళింది, అదే మాట. మూడోసారి నేను కూడా వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి అమ్మని చూడగానే లేచి నిలబడ్డాడు. 'అమ్మగారూ, కూర్చోండి, మోకాలు ఎలా ఉంది?' అని అడిగాడు. పాతికేళ్ళుగా ఆమె వెళ్తున్న బ్రాంచి అది. ఆ అబ్బాయికి ఆమె ఎవరో తెలుసు, ఆమె మోకాలి నొప్పి కూడా తెలుసు. అతని ముందున్న కంప్యూటర్ మాత్రం ఒప్పుకోలేదు. దాన్ని దాటే అధికారం అతనికి లేదు.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. పాస్‌బుక్ మీద ఇంటిపేరు పొడి అక్షరాలుగా ముందుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర్లో ఉంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, కానీ సుబ్బలక్ష్మి అన్న అమ్మ పేరుని రెండు ముక్కలు చేసి రాశారు. మూడూ ఆమే. మూడు కాగితాలూ ప్రభుత్వం, బ్యాంకు ఇచ్చినవే. వాటిలో ఏదీ అమ్మ స్వయంగా టైపు చేసుకున్నది కాదు.

ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మనకి ఇంటిపేరు ముందుంటుంది. చాలామంది దాన్ని ఒక పొడి అక్షరంగా కుదించేస్తారు. దరఖాస్తుల్లో మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఉంటాయి. ఆ గడులు మన పేర్లు చూసి గీసినవి కావు. ఇంటిపేరు ఏ గడిలో వేయాలన్నది నింపేవాడికి ఎలా తోస్తే అలా. చెరుకూరి, చల్లా, చింతా లాంటి ఇంటిపేర్లున్నవాళ్ళు పొడి అక్షరంగా సీహెచ్ అని రాస్తారు. తెలుగులో అది ఒక్క అక్షరమే, ఇంగ్లీషులో రెండు. ఇనీషియల్ అంటే ఒక్క అక్షరమే అనుకుని రాసిన ప్రోగ్రాము దాని దగ్గర ఆగిపోతుంది. లక్ష్మిని ఒకరు కే, ఎస్, హెచ్ వేసి రాస్తారు, ఇంకొకరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. శ్రీనివాస్‌కి ఎన్ని స్పెల్లింగులున్నాయో ఈ గదిలో ఉన్న శ్రీనివాసులనే అడగండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు.

అమెరికా వెళ్ళిన మన పిల్లల్లో కొందరి వీసాల మీద ఎఫ్‌ఎన్‌యూ అని కనబడుతుంది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు అని. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి ఒకే గడిలో పెట్టేసి రెండోది ఖాళీగా వదిలేస్తే, అక్కడి పద్ధతి ప్రకారం ఖాళీ గడిలో ఆ మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, జీతం చెక్కు, అన్నిటి మీదా ఆ పిల్లవాడి పేరు ఎఫ్‌ఎన్‌యూ. కన్నవాళ్ళు బారసాల చేసి పెట్టిన పేరు పోయి ఒక ఖాళీ గడికి పెట్టిన గుర్తు మిగులుతుంది. నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

మరి దీనికి పరిష్కారం లేదా అంటే, ఉంది. రెండు పేర్లను అక్షరం అక్షరం సరిపోల్చి తేడా ఉంటే తిప్పి పంపేయడం ప్రోగ్రాములో ఒక్క లైను పని. అందుకే అందరూ అదే చేస్తారు. కొంచెం శ్రమ పడితే పేరును ముక్కలుగా విడదీసి, వరుస పట్టించుకోకుండా పోల్చవచ్చు. పొడి అక్షరం ఇంటిపేరు మొదటి శబ్దంతో కలుస్తుందా అని చూడవచ్చు. ఎక్స్‌ని, కేఎస్‌హెచ్‌ని ఒకే శబ్దంగా లెక్కపెట్టవచ్చు. అప్పుడు అవును, కాదు అన్న రెండు జవాబులకు బదులు ఎంతవరకు కలిసింది అన్న లెక్క వస్తుంది. బాగా కలిస్తే వెళ్ళనివ్వాలి. అస్సలు కలవకపోతే ఆపాలి. మధ్యలో ఉన్నవాటిని ఒక మనిషి చూడాలి. మా అమ్మ విషయంలో ఆ అబ్బాయికి కంప్యూటర్ ఒక్క గడి ఇచ్చి ఉంటే చాలు: 'ఈ ఖాతాదారు నాకు తెలుసు, తేడా స్పెల్లింగులోనే' అని రాసి, తన ఉద్యోగి నంబరు వేసి, బాధ్యత తీసుకునేవాడు.

ఇలాంటి ప్రయత్నం మన దగ్గర జరిగింది. తెలంగాణ ప్రభుత్వం టీ యాప్ ఫోలియో అనే తన మొబైల్ యాప్‌లో పింఛనుదారులు సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్, అంటే తాము బతికే ఉన్నామన్న ధ్రువీకరణ, ఇచ్చే ఏర్పాటు చేసింది. అందులో మూడు పరీక్షలు పెట్టారు. కెమెరా ముందున్నది నిజంగా మనిషేనా లేక ఫోటోనా, ముఖం పాత రికార్డులో ఉన్న ఫోటోతో కలుస్తుందా, పేరూ వివరాలూ రికార్డుకి ఎంత దగ్గరగా ఉన్నాయి. ఈ మూడోది పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళకి మన పేర్ల సంగతి బాగా తెలుసు. కేంద్రం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తెచ్చింది, 2021 నవంబరులో దానికి ముఖంతో గుర్తించే పద్ధతి కలిపింది. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్ళకి అది చాలా పెద్ద ఊరట.

పీఎఫ్ సంగతి కూడా చెప్పాలి. పేరులో ఒక్క అక్షరం తప్పుంటే పాత కంపెనీ చుట్టూ తిరిగి సంతకం తెచ్చుకోవాల్సి వచ్చేది. కంపెనీ మూతపడితే ఇక ఆ మనిషి గతి ఏమిటి? 2025 జనవరిలో పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌వో దాన్ని మార్చింది. 2017 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) అయి, ఆధార్‌తో సరిచూసి ఉంటే, పేరు, పుట్టిన తేదీ లాంటివి సభ్యుడే ఆన్‌లైన్‌లో సరిదిద్దుకోవచ్చు. యజమాని సంతకం అక్కర్లేదు. ఇలా ఒక మెట్టు తీసేస్తే ఎన్ని లక్షల మంది తిరుగుళ్ళు తప్పుతాయో ఆలోచించండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకి వస్తాను. గుర్తింపు అనే ఒక్క మాట కింద మనం రెండు వేరు వేరు పనులు కలిపేస్తున్నాం. ఈ మనిషి ఎవరు అని తేల్చడం ఒక పని. ఇది కష్టమైనది. కాగితాలు కావాలి, జాగ్రత్త కావాలి, సమయం పడుతుంది. నిన్న వచ్చిన మనిషే ఇవాళ మళ్ళీ వచ్చారా అని చూసుకోవడం ఇంకో పని. ఇది తేలికగా ఉండాలి. కొత్త ఇంటికి అద్దెకు వచ్చినవాళ్ళని మొదటి రోజు ఏ ఊరు, ఏం చేస్తారు అని అడుగుతాం. మర్నాడు పొద్దున పాలకి బయటికి వెళ్ళి వస్తే మళ్ళీ అడగం కదా. తాళంచెవి ఇచ్చేస్తాం. మన ఆన్‌లైన్ ఖాతాలు మాత్రం పాలకి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఏ ఊరని అడుగుతున్నాయి.

రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనలు చదివితే అంత మొండిగా ఏమీ ఉండవు. ప్రమాదం తక్కువ అనుకున్న ఖాతాదారులకి పదేళ్ళకోసారి, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి ఎనిమిదేళ్ళకోసారి, ఎక్కువ ప్రమాదం అనుకున్నవాళ్ళకి రెండేళ్ళకోసారి వివరాలు తాజా చేస్తే చాలు. వివరాల్లో ఏ మార్పూ లేకపోతే 'ఏమీ మారలేదు' అని సొంతంగా రాసిచ్చిన మాట సరిపోతుంది. దాన్ని బ్యాంకు దగ్గర నమోదైన మొబైల్ నుంచో, ఈమెయిల్ నుంచో, ఏటీఎం నుంచో ఇవ్వొచ్చు. 2025 జూన్‌లో బ్యాంకు మిత్రల ద్వారా కూడా ఇవ్వవచ్చని చేర్చారు. వెనక వరుసలో ఉన్న పెద్దవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎవరైనా మీ దగ్గర మళ్ళీ అన్ని జిరాక్సులూ అడిగితే, 'నా వివరాలు మారలేదు, స్వయం ప్రకటన ఇస్తాను' అని అడగండి. అది మీ హక్కు.

2016లో సెంట్రల్ కేవైసీ అని ఒకటి మొదలైంది. ఒక సంస్థలో చేసిన కేవైసీని ఇంకో సంస్థ వాడుకునేలా ప్రతి మనిషికీ పద్నాలుగు అంకెల నంబరు ఇస్తారు. ఆలోచన చాలా మంచిది. ఇక్కడున్నవాళ్ళలో తమ నంబరు తెలిసినవాళ్ళు చేయి ఎత్తండి. ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి అనుకుంటాను. మనకోసం చేసిన సదుపాయం ఇది, మన దాకా మాత్రం రాలేదు. డిజీలాకర్ 2015 జూలై 1న వచ్చింది. అందులో ఉన్న పత్రం అసలుతో సమానమని నిబంధనల్లోనే ఉంది. అయినా చాలా చోట్ల ఫోన్లో చూపిస్తే, 'ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి అప్‌లోడ్ చేయండి' అంటున్నారు. డిజిటల్‌గా సంతకం ఉన్న పత్రాన్ని కాగితం చేసి, మళ్ళీ ఫోటో తీయిస్తే, దాన్ని నిజమని నమ్మడానికున్న ఆధారం కాస్తా పోతుంది.

మన దేశంలో తాళంచెవి అంటే ఫోన్ నంబరు. ఓటీపీ. దీన్ని నేను తిట్టను. 2009లో రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో తాళం తప్పనిసరి చేసినప్పుడు అది ఎన్నో మోసాలని ఆపింది. కానీ ఒక్క నంబరు మీద ఇంత బరువు మోపడం మంచిది కాదు. రీఛార్జి చేయక నంబరు ఆగిపోతే, 90 రోజులు దాటాక దాన్ని వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. మా మేనత్త పాత నంబరు అలాగే పోయింది. ఆవిడ బ్యాంకు ఓటీపీలు ఎవరో తెలియని కుర్రాడికి వెళ్ళేవి. ఆ పిల్లవాడు మంచివాడు కాబట్టి, పాత కాంటాక్టుల ద్వారా మమ్మల్ని వెతికి మరీ చెప్పాడు. అందరికీ అలాంటి మంచివాడు దొరకడు. ఇలా రద్దయిన నంబర్ల జాబితాతో తమ రికార్డులు సరిచూసుకోవాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. చాలా ముందే రావాల్సిన మాట అది.

ఇంకో సంగతి, ఇంట్లో ఒకే ఫోన్. నలుగురి ఖాతాలకీ అదే నంబరు. కొడుకు హైదరాబాదులో డ్యూటీలో ఉంటాడు, తల్లి ఊళ్ళో కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది. 'ఓటీపీ వచ్చిందా నాన్నా?' అని ఆవిడ వేరేవాళ్ళ ఫోన్‌లో అడుగుతుంది. వాడు మీటింగులో ఉండి ఎత్తడు. ఈలోగా సమయం అయిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని టీవీలో చెబుతూనే, తల్లీకొడుకులు ఫోన్లో చెప్పుకోక తప్పని పద్ధతి మనమే పెట్టాం. చెప్పడం అలవాటైపోయిన మనిషిని రేపు ఒక మోసగాడు ఫోన్ చేసి అడిగితే చెప్పేస్తుంది. ఆవిడని తప్పుపట్టే హక్కు మనకి లేదు.

యూపీఐ వాడేవాళ్ళు ఒక తేడా గమనించే ఉంటారు. మొదటిసారి యాప్ పెట్టుకున్నప్పుడు మీ నంబరును బ్యాంకుతో ముడివేసేది ఓటీపీ కాదు. మీ ఫోనే తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ బయటికి పంపుతుంది. అంకెలు మీ కంటికి కనబడవు, కాబట్టి మీ నోటి నుంచి బయటికి రావు. ఆ సిమ్ ఈ ఫోన్లోనే ఉందని బ్యాంకుకి తెలిసిపోతుంది. ఆ పైన మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క పిన్ను. చదువు రాని కూరగాయల వ్యాపారి కూడా ఎవరి సాయం లేకుండా వాడుతున్నాడంటే దానికి ఈ అమరిక ఒక పెద్ద కారణం. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి అక్కడి నంబరుతోనే యూపీఐ వాడే వీలు 2023లో అమెరికా, సింగపూర్, యూఏఈ సహా పది దేశాలకి ఇచ్చారు. ఒక్క ఓటీపీ కోసం ఇండియా సిమ్‌ని డ్రాయరులో పెట్టి కాపాడుకునే బాధ కొంత తగ్గింది.

దీనికంటే మంచి తాళం పాస్‌కీ, అంటే పాస్‌వర్డు, ఓటీపీ లేకుండా ఫోన్‌తోనే ఖాతాలోకి వెళ్ళే పద్ధతి. 2022 మే నెలలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీన్ని కలిసి ముందుకు తీసుకెళ్తామన్నాయి. మీ ఫోన్ ఒక జత డిజిటల్ తాళంచెవులు తయారు చేస్తుంది. ఒకటి మీ ఫోన్ దాటదు, లేదా మీ సొంత ఖాతాలో భద్రంగా ఉంటుంది. రెండోది వెబ్‌సైటుకి ఇస్తుంది. లోపలికి వెళ్ళేటప్పుడు వెబ్‌సైటు ఒక ప్రశ్న వేస్తుంది, ఫోన్ తన దగ్గరున్న దానితో సంతకం పెట్టి జవాబిస్తుంది. మీరు వేలు పెట్టినా, ముఖం చూపించినా అది మీ ఫోన్ తలుపు తీయడానికే. ఆ వేలిముద్ర వెబ్‌సైటుకి వెళ్ళదు. నకిలీ వెబ్‌సైటు అచ్చం మీ బ్యాంకులా కనబడినా, దాని చిరునామా వేరు కాబట్టి ఫోన్ సంతకం పెట్టదు. మనిషి కన్ను మోసపోయినా తాళం మోసపోదు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ చెల్లింపులకి కొత్త ఆదేశాలిస్తూ, ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి అనుకోనక్కర్లేకుండా ఇతర పద్ధతులకీ చోటిచ్చింది. ఇక్కడున్న ఇంజినీరింగ్ పిల్లలూ, మీ ప్రాజెక్టులకి ఇంతకంటే పనికొచ్చే విషయం లేదు.

వేలిముద్ర గురించి మాత్రం ఒక హెచ్చరిక. గుంటూరులో మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి, సిమెంటు కలిపే మేస్త్రి చేతులు చూడండి. 'వేలిముద్ర పడట్లేదు' అన్న మాట రేషన్ షాపులో ఎన్నిసార్లు విని ఉంటారు? ఇంకో వైపు, అది దొంగిలిస్తే మార్చుకోలేనిది. 2018లో హైదరాబాదు పోలీసులు ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేవి. వాటి మీద వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. అతను ఆ ముద్రలతో, రబ్బరు స్టాంపులు చేసే యంత్రం మీద నకిలీ వేళ్ళు తయారు చేసి, అమ్మకాల టార్గెట్ కోసం వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజుల్లో ఉన్న రైతులకి తమ వేలు ఇంకొకరి చేతిలో ఉందని తెలియనే తెలియదు. మీ బయోమెట్రిక్‌ని ఆధార్ యాప్‌లో లాక్ చేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తెరవొచ్చు. ఇవాళ ఇంటికి వెళ్ళి అది చేయండి. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోండి. ఆ సదుపాయం 2021లో మొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది.

కౌంటర్ దగ్గర ఉండేవాళ్ళకీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళకీ ఒక విన్నపం. 'వివరాలు సరిపోలలేదు' అని ఊరికే చెప్పి పంపించకండి. ఏది సరిపోలలేదు, ఇంటిపేరా, పుట్టిన తేదీయా, ఎక్కడికి వెళ్తే సరిదిద్దుతారు, ఇది తెలుగులో చెప్పాలి. తెరమీద ఊరూపేరూ తెలియనివాళ్ళకి ఆ వివరాలు బయటపెట్టకూడదు, అది నిజమే. కానీ ఎదురుగా తన కాగితాలతో నిలబడిన మనిషికి చెప్పడానికి ఏం అభ్యంతరం? మా అమ్మ మూడుసార్లు తిరిగింది. మొదటి రోజే 'పాన్‌లో పేరు రెండు ముక్కలుగా ఉంది, అది మార్పించండి' అని చెప్పి ఉంటే ఒక్కసారితో అయిపోయేది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒక మీసేవ నిర్వాహకుడు: 'సార్, ముసలివాళ్ళు వచ్చి ఫోన్ నా చేతికిచ్చి ఓటీపీ నువ్వే చూసుకో బాబూ అంటారు. ఫోన్ లేనివాళ్ళకి కొన్నిసార్లు నా నంబరే వేశాను. పని ఆగకూడదని. నేనేం చేయాలి?')

మంచి ప్రశ్న బాబూ, ధైర్యంగా అడిగావు. ఓటీపీ వచ్చినప్పుడు ఆ మెసేజ్‌లో అది దేనికోసమో ఒక లైను ఉంటుంది. అంకెలకంటే ముందు ఆ లైను వాళ్ళకి తెలుగులో పైకి చదివి వినిపించు. 'ఇది రేషన్ కార్డు కోసం వచ్చింది పెద్దమ్మా, కొట్టనా?' అని అడుగు. వాళ్ళు ఊ అన్నాకే కొట్టు. అరనిమిషం పని.

నీ నంబరు వేసిన ఖాతాల సంగతి ఇంకా ముఖ్యం. నువ్వు మంచి మనసుతో చేశావు. రేపు నీ ఫోన్ పోయినా, నువ్వు నంబరు మార్చినా అన్ని ఖాతాలూ ఒక్కసారే ఇరుక్కుంటాయి. వాళ్ళలో ఎవరి డబ్బైనా పోతే ముందు నిన్నే అడుగుతారు. ఇవాళ రాత్రి కూర్చుని గుర్తున్నంతవరకు పేర్లు రాయి. వాళ్ళ ఇంట్లో ఇప్పుడు కొడుకుకో మనవరాలికో ఫోన్ వచ్చి ఉంటుంది, ఆ నంబరు అడిగి తీసుకో. ఆధార్‌లో నంబరు మార్చడానికి చాలామంది కేంద్రానికే వెళ్తారు, కాబట్టి నడవలేనివాళ్ళ పేర్లు విడిగా పెట్టు. వాళ్ళని ఎలా తీసుకెళ్ళాలో సచివాలయం వాళ్ళతో మాట్లాడదాం. ఆదివారం పొద్దున్నే ఆ జాబితా పట్టుకుని ఇక్కడికి రా. బ్యాంకు ఫారాలు నింపడానికి నేనూ కూర్చుంటాను.